రక్తంలో అమైనో ఆమ్లాలు: వయసును బట్టి, స్త్రీ పురుష భేదాన్ని బట్టి వచ్చే మార్పులు

మాంసకృత్తుల నిర్మాణానికి ముడిసరుకు అమైనో ఆమ్లాలు. ఇవి కణజాలాల్లో మాంసకృత్తుల రూపంలో ఇమిడి ఉండటమే కాక, కొద్ది మోతాదులో విడివిడిగా రక్తంలో కూడా తిరుగుతుంటాయి. రక్తపరీక్షలో కొలిచేది ఈ విడి అమైనో ఆమ్లాలనే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ప్లాస్మాలో అన్నీ కలిపి లీటరుకు సుమారు 2,500 నుంచి 3,500 మైక్రోమోళ్లు ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ గ్లుటమిన్, 500 నుంచి 700 వరకు. తర్వాత అలనిన్, గ్లైసిన్, వేలిన్. మెథియోనిన్ మాత్రం 15 నుంచి 35 దాటదు. ఇవి పరగడుపున తీసిన రక్తంలోని అంకెలు. మనిషి మారితే ఇవీ మారతాయి. నెలల పసికందుకు, పాతికేళ్ల యువకుడికి, నాలుగో నెల గర్భిణికి, డెబ్బయ్యేళ్ల ముసలాయనకు వేరువేరు అంకెలు సహజం. ఒకరికి సహజమైన అంకె మరొకరిలో జబ్బుకు గుర్తు కావచ్చు.

ఈ అంకెలు దేన్ని చెబుతాయో, దేన్ని చెప్పవో ముందే తెలుసుకోవాలి. శరీరంలో రోజూ 250 నుంచి 300 గ్రాముల మాంసకృత్తులు కరిగి మళ్లీ తయారవుతుంటాయి. మూడు లీటర్ల ప్లాస్మాలో ఒక క్షణాన విడిగా ఉండే అమైనో ఆమ్లాలన్నీ కలిపినా గ్రాముకు కాస్త అటూ ఇటూ మాత్రమే. గోదావరి డెల్టాలో పంట కాలువ నీటిమట్టం చూసిన రైతుకు ఆ పూట ఎంత నీరు వచ్చిందో, ఎంత పోయిందో విడిగా తెలియదు, రెండింటి మధ్య తూకం ఒక్కటే తెలుస్తుంది. రక్తంలోని అంకె కూడా అలాంటి తూకమే. తిండి, కండ, కాలేయం, మూత్రపిండాలు, హార్మోన్లు అన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. వయసుతో పాటు, ఆడా మగా అన్నదాన్ని బట్టి ఈ అయిదూ మారతాయి కాబట్టి అంకె కూడా మారుతుంది.

కొలవడం ఎలా మొదలైంది

1940ల దాకా రక్తంలో ఒక్కో అమైనో ఆమ్లాన్ని విడదీసి కొలిచే వీలు లేదు. 1944లో ఇంగ్లండులో కాగితపు క్రోమటోగ్రఫీ వచ్చింది. నిన్‌హైడ్రిన్ చల్లితే కాగితం మీద ఒక్కో అమైనో ఆమ్లం ఉన్నచోట ఊదారంగు మచ్చ తేలుతుంది, ప్రోలిన్ మాత్రం పసుపుపచ్చగా వస్తుంది. న్యూయార్కులోని రాక్‌ఫెలర్ సంస్థలో స్టాన్‌ఫర్డ్ మూర్, విలియం స్టైన్ రెసిన్ గొట్టాలతో ఈ పనికి కచ్చితత్వం తెచ్చారు. మనిషి ప్లాస్మాలోని విడి అమైనో ఆమ్లాల లెక్కను 1954లో ప్రచురించారు. 1958లో స్పాక్‌మన్‌తో కలిసి తమంతట తామే కొలిచే యంత్రాన్ని తయారుచేశారు. 1972 రసాయనశాస్త్ర నోబెల్ పురస్కారంలో ఈ ఇద్దరికీ భాగం దక్కింది. 1973లో ఆర్మ్‌స్ట్రాంగ్, స్టావే అనే పరిశోధకులు వరుసగా వెలువరించిన వ్యాసాల్లో పిల్లలకు, పెద్దలకు, ఎదుగుదలకు, ముదిమికి వేరువేరుగా లెక్కలు కట్టారు. వయసు, స్త్రీ పురుష భేదం చూడకుండా ఒకే కొలబద్ద వాడకూడదన్న ఆలోచన అప్పటి నుంచి బలపడింది. 1990ల నుంచి టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ రావడంతో ఒక్క చుక్క నెత్తురులో పది పదిహేను అమైనో ఆమ్లాలను రెండు మూడు నిమిషాల్లో చూడగలుగుతున్నారు.

పుట్టిన బిడ్డ

ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైన దశ ఇదే. కడుపులో ఉన్న బిడ్డ రక్తంలో చాలా అమైనో ఆమ్లాలు తల్లి రక్తంలో కంటే ఎక్కువగా ఉంటాయి. మాయ వాటిని శక్తి ఖర్చుపెట్టి మరీ తల్లి వైపు నుంచి బిడ్డ వైపుకు తోడిపోస్తుంది. బొడ్డుతాడు రక్తంలో కనిపించే ఈ ఎక్కువ, పుట్టిన కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. టారిన్ పసివాళ్లలో ఎక్కువ. లూసిన్, ఐసోలూసిన్, వేలిన్ మాత్రం పెద్దవాళ్ల కంటే తక్కువ. సిట్రులిన్ కూడా తక్కువే.

పసికందు కాలేయంలో కొన్ని ఎంజైములు ఇంకా పూర్తిగా పనికి రావు. టైరోసిన్‌ను విరిచే ఎంజైము వీటిలో ముఖ్యమైనది. అందుకే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో టైరోసిన్ ఒక్కోసారి చాలా పెరిగి, కొన్ని వారాల్లో దానంతటదే దిగుతుంది. ఆ ఎంజైముకు విటమిన్ సి తోడు కావాలి, దాన్ని ఇస్తే త్వరగా సర్దుకుంటుంది. బిడ్డ తాగే పాలు కూడా అంకెను మారుస్తాయి. తల్లిపాలలో మాంసకృత్తులు 100 మిల్లీలీటర్లకు గ్రాము చుట్టూ ఉంటాయి. ఆవుపాలలో మూడు గ్రాములకు పైన, గేదెపాలలో నాలుగు గ్రాముల దాకా ఉంటాయి. డబ్బాపాలు తాగే బిడ్డల రక్తంలో లూసిన్, వేలిన్, ఫినైల్అలనిన్, టైరోసిన్ తల్లిపాల బిడ్డల కంటే ఎక్కువగా కనిపించడం ఎన్నోసార్లు రుజువైంది. గోదావరి పల్లెల్లో తల్లికి పాలు చాలలేదని నీళ్లు కలిపిన గేదెపాలు పట్టడం పాత అలవాటు. అలాంటి బిడ్డ నమూనాను చదివేవాళ్లకు ఆ సంగతి చెప్పకపోతే, కాలేయం లేతదనం వల్ల, పాల చిక్కదనం వల్ల పెరిగిన టైరోసిన్ జన్యులోపంలా కనపడుతుంది.

నిజంగా జన్యులోపమే అయితే అంకెలు తారస్థాయికి పోతాయి. ఫినైల్‌కీటోన్యూరియాను 1934లో నార్వేలో ఫొలింగ్ గుర్తించాడు. అందులో పెద్దవాళ్లకు 40 నుంచి 80 మధ్య ఉండాల్సిన ఫినైల్అలనిన్, చికిత్స లేని బిడ్డలో 1,200 దాటుతుంది. మూత్రం బెల్లపుపాకంలా తియ్యటి వాసన వచ్చే మరో జబ్బులో లూసిన్ మోయలేనంత పెరిగి, పుట్టిన వారంలోపే బిడ్డ సోలిపోతుంది. ఇవన్నీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే జబ్బులు. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఇప్పటికీ జరిగే తెలుగునాట వీటి మాట ఎక్కువగా వినిపించడానికి కారణం అదే. ముందే పట్టుకుంటే తిండిలో మార్పుతోనే చాలామంది బిడ్డల మెదడును కాపాడుకోవచ్చు. ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో ఈ పరీక్ష మామూలు కావాలని ఈ వ్యాసకర్త గట్టిగా కోరుకునేది అందుకే.

దక్షిణ భారతంలో ఈ పనికి మంచి చరిత్ర ఉంది. 1980లలో కర్ణాటకలో లక్షకు దగ్గరగా నవజాత శిశువుల రక్తాన్ని అమైనో ఆమ్లాల లోపాల కోసం పరీక్షించారు. ఆ తర్వాత హైదరాబాదులోని సెంటర్ ఫర్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నొస్టిక్స్ శాస్త్రవేత్తలు నగరంలోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది బిడ్డలను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు వెయ్యి మందిలో ఒకరి దాకా ఉన్నట్టు తేలింది. మెథియోనిన్ నుంచి పుట్టే హోమోసిస్టీన్ ఎక్కువగా ఉన్న బిడ్డలైతే నూటికి ఒకరు.

ఎదిగే వయసు

ఏడాది దాటిన బిడ్డ నుంచి పదేళ్ల పిల్లల దాకా అంకెలు నెమ్మదిగా పెద్దవాళ్ల వైపు నడుస్తాయి. లూసిన్, ఐసోలూసిన్, వేలిన్ అనే మూడింటి జట్టు, అంటే లూసిన్ జట్టు, ఏటేటా కొంచెం పెరుగుతుంది. సిట్రులిన్ కూడా పెరుగుతుంది. ఈ దశలో ఆడపిల్లలకు, మగపిల్లలకు చెప్పుకోదగ్గ తేడా లేదు. యుక్తవయసు రాగానే దారులు విడిపోతాయి. మగపిల్లల్లో టెస్టోస్టిరోన్ పెరిగి కండ పట్టే కొద్దీ ఈ లూసిన్ జట్టు పైకి లేస్తుంది, ఆడపిల్లల్లో ఉన్నచోటే నిలుస్తుంది.

తిండి సరిగా లేని పిల్లల్లో కథ వేరు. ఒళ్లంతా నీరు పట్టే క్వాషియోర్కర్‌లో లూసిన్, వేలిన్ వంటి అత్యవసర ఆమ్లాలు పడిపోతాయి. శరీరం స్వయంగా తయారుచేసుకోగల గ్లైసిన్, సెరిన్ మాత్రం నిలబడతాయి. 1964లో ఉగాండాలో వైట్‌హెడ్, డీన్ ఈ రెండు గుంపుల నిష్పత్తితో ఒక పరీక్షనే రూపొందించారు. బక్కచిక్కిపోయే మరాస్మస్‌లో ఈ నిష్పత్తి అంతగా చెదరదు, ఎందుకంటే ఆ బిడ్డ తన కండను తానే కరిగించుకుని రక్తానికి సరఫరా చేస్తుంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు సంచాలకుడిగా పనిచేసిన సి. గోపాలన్ ఈ రెండు జబ్బులూ ఒకే రకం తిండి తిన్న పిల్లల్లో ఎందుకు వేరుగా వస్తాయో చర్చించి, శరీరం ఆ కరువుకు సర్దుకోగలిగిందా లేదా అన్నదే అసలు తేడా అని వాదించారు.

ఆడవాళ్లు, మగవాళ్లు

పెద్దయ్యాక తేడా స్పష్టంగా ఉంటుంది. లూసిన్, ఐసోలూసిన్, వేలిన్ మగవాళ్లలో ఆడవాళ్ల కంటే ఇంచుమించు ఆరో వంతు నుంచి అయిదో వంతు దాకా ఎక్కువ. మెథియోనిన్, ప్రోలిన్, గ్లుటమేట్, సిట్రులిన్, ఫినైల్అలనిన్, ట్రిప్టోఫాన్ కూడా మగవాళ్లలోనే ఎక్కువ. ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది గ్లైసిన్, దానికి తోడు కొంత సెరిన్. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ప్రాంతంలో 3,300 మందికి పైగా రక్తాన్ని చూసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, కొలిచిన 131 పదార్థాల్లో 102 ఆడవాళ్లలో ఒకలా, మగవాళ్లలో ఒకలా ఉన్నట్టు తేలింది. అందులోనే ఇంకో సంగతి బయటపడింది. యూరియా తయారీలో మొదటి మెట్టుగా పనిచేసే ఎంజైము జన్యువులోని ఒక మార్పు రక్తంలో గ్లైసిన్‌ను పెంచుతుంది, ఆ పెంపు ఆడవాళ్లలో మగవాళ్ల కంటే చాలా బలంగా ఉంటుంది. అంటే ఒకే జన్యువు ఇద్దరిలో రెండు రకాలుగా పలుకుతుంది.

కారణాల్లో కండ మొదటిది. తిన్న లూసిన్ జట్టును కాలేయం పెద్దగా ముట్టుకోదు, వాటిని పట్టుకుని వాడుకునేది, వదిలేది ప్రధానంగా కండరాలు. రెండోది హార్మోన్లు. ఎక్కువసేపు శ్రమ చేసినప్పుడు ఆడవాళ్లు కొవ్వును ఎక్కువగా, లూసిన్‌ను తక్కువగా ఇంధనానికి వాడతారని ప్రయోగాలు చెబుతున్నాయి. నెలసరి చక్రంలో కూడా అంకె నిలకడగా ఉండదు. అండం విడుదలైన తర్వాతి రెండు వారాల్లో ప్రొజెస్టిరోన్ ప్రభావం వల్ల చాలా అమైనో ఆమ్లాలు కొంత తగ్గుతాయి. కాబట్టి ఒకే స్త్రీకి రెండుసార్లు పరీక్ష చేసి పోల్చేటప్పుడు నెలసరిలో ఎన్నో రోజో రాసుకోవాలి. మన ల్యాబు కాగితాల్లో ఆ గడి కనిపించడం అరుదు. ఇది చిన్న లోటు కాదు.

గర్భం నిలిచాక మొదటి మూడు నెలల్లోనే చాలా అమైనో ఆమ్లాలు దిగుతాయి. అప్పటికి పిండం బరువు కొన్ని పదుల గ్రాములే కాబట్టి అది లాగేసుకుంటోందని అనుకోవడానికి లేదు. హార్మోన్లు, రక్తద్రవం పెరగడం ఇందుకు కారణాలు. హోమోసిస్టీన్ కూడా తగ్గుతుంది. గర్భిణికి మామూలు స్త్రీల కొలబద్ద పెట్టి "తక్కువ" అని ముద్ర వేయడం తప్పు.

ముట్లు ఆగిపోయాక ఆడవాళ్ల అంకెలు పైకి జరుగుతాయి. లూసిన్ జట్టు, టైరోసిన్, సిట్రులిన్ పెరిగి మగవాళ్ల అంకెలకు దగ్గరవుతాయి. అదే వయసులో మగవాళ్లలో లూసిన్ జట్టు దిగడం మొదలవుతుంది. వేలమంది రక్తంతో జపాన్‌లో తయారుచేసిన ప్రమాణాల్లో ఈ రెండు గీతలూ ఎదురెదురుగా రావడం బాగా కనిపిస్తుంది.

ముదిమి

అరవై దాటాక కండ కరిగే కొద్దీ లూసిన్ వంటి అత్యవసర ఆమ్లాలు, ముఖ్యంగా మగవాళ్లలో, తగ్గుతాయి. ట్రిప్టోఫాన్ కూడా తగ్గుతుంది. దాని నుంచి తయారయ్యే కైనురెనిన్ పెరుగుతుంది, శరీరంలో సన్నగా రగిలే వాపు దానికి ఒక కారణం. మూత్రపిండాల పని మందగించే కొద్దీ సిట్రులిన్, సిస్టిన్, హోమోసిస్టీన్ పెరుగుతాయి. ముసలి కండరానికి ఒక చిక్కు ఉంది. యువకుడి కండ కొద్దిపాటి మాంసకృత్తులకే స్పందించి కట్టడం మొదలుపెడుతుంది, ముసలి కండకు ఒకే పూటలో ఎక్కువ లూసిన్ అందితేనే కదలిక వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సూచించాయి. వృద్ధులకు 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సిఫారసు చేసింది. పళ్లూడి, మెత్తటి అన్నం, చారు, మజ్జిగతో రోజు గడిపే కోనసీమ పెద్దలకు ఈ లెక్క అందడం కష్టం. మెత్తగా ఉడికిన ముద్దపప్పు, గుడ్డు, ముల్లు తీసిన చేప ప్రతి పూటా కంచంలో పడేలా ఇంట్లోవాళ్లు చూడాలి.

హోమోసిస్టీన్ గురించి విడిగా చెప్పాలి. మెథియోనిన్ నుంచి పుట్టే ఈ అమైనో ఆమ్లం లీటరుకు 5 నుంచి 15 మైక్రోమోళ్ల మధ్య ఉండటం మామూలు. మగవాళ్లలో ఆడవాళ్ల కంటే ఒకటి రెండు ఎక్కువ, వయసుతో పెరుగుతుంది, ముట్లుడిగాక ఆడవాళ్లలోనూ ఎక్కుతుంది. దీన్ని తిరిగి మెథియోనిన్‌గా మార్చడానికి ఫోలేటు, విటమిన్ బి12 రెండూ కావాలి. 2001లో పుణె పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో నూటికి 77 మందిలో ఇది 15 దాటి ఉంది. శాకాహారంలో బి12 కొరతే ముఖ్య కారణంగా తేలింది. ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషించిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న ఆయన మన గోదావరి బిడ్డే.

వరి, జొన్న

అంకెను మార్చేవాటిలో తిండి ఒకటి కాబట్టి ఒక ఊరి కంచం చూద్దాం. రావులపాలెం గోదావరి పాయ గౌతమి ఒడ్డున, పదహారో నంబరు జాతీయ రహదారి మీద కోనసీమకు వాకిలి. అరటి మార్కెట్టుకు పేరు. చుట్టూ వరి, కొబ్బరి, అరటి. ఇక్కడి తిండికి ఆధారం తెల్లన్నం. బియ్యంలో మాంసకృత్తులు నూటికి ఏడెనిమిది పాళ్లు, వాటిలో లైసిన్ గ్రాముకు 35 నుంచి 38 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు గ్రాముకు 45 మిల్లీగ్రాములు కావాలని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అంతకుముందు 1985 లెక్కలో రోజుకు కిలో బరువుకు 12 మిల్లీగ్రాముల లైసిన్ చాలని ఉండేది, అది 30 అయింది. ఈ మార్పుకు బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాలలో భారతీయ యువకుల మీద జరిగిన పరిశోధనలు ముఖ్యమైన ఆధారం. కందిపప్పులో లైసిన్ దండిగా ఉంటుంది, గంధకమున్న మెథియోనిన్ తక్కువ. అన్నంలో అది ఫరవాలేదు. పప్పన్నం ఒకదాని లోటును ఒకటి తీర్చుకునే జోడీ. గోదావరి చేప, రొయ్య అయితే ఏ లోటూ లేని మాంసకృత్తులు. భారతీయ ఆహారాల అమైనో ఆమ్లాల వివరాలు జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన 528 ఆహారాల పట్టికల్లో దొరుకుతాయి.

తెలంగాణ పీఠభూమిలో జొన్న తినే నిరుపేదల్లో, నయాసిన్ విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా ఎందుకు వస్తోందో తేల్చే ప్రయత్నం ఈ సంస్థలోనే జరిగింది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొరలూడటం, విరేచనాలు, మనసు కుంగిపోవడం దీని లక్షణాలు. మొక్కజొన్న తినేవాళ్ల జబ్బుగా ప్రపంచానికి తెలిసిన ఇది జొన్న తినేవాళ్లలో కనిపించడం వింత. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య లాన్సెట్ పత్రికలో ఒక ప్రతిపాదన చేశారు: జొన్నలో లూసిన్ మరీ ఎక్కువ, అది ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారయ్యే దారిని చెడగొడుతుంది. ఐసోలూసిన్ ఇస్తే ఆ దెబ్బ తగ్గుతుందని తర్వాత ఇదే బృందం చూపింది. ఇతర దేశాల ప్రయోగశాలల్లో ఈ ఫలితం కొన్నిచోట్ల నిలిచింది, కొన్నిచోట్ల నిలవలేదు, వాదం చాలాకాలం సాగింది. లూసిన్ అతిగా తింటే రక్తంలో వేలిన్, ఐసోలూసిన్ తగ్గుతాయన్నది మాత్రం స్థిరపడిన విషయం. ఒక అమైనో ఆమ్లం ఎక్కువైతే మరొకటి తగ్గుతుందన్న ఆలోచనను పేదవాడి జొన్న సంకటి ముందు కూర్చుని పట్టుకున్నారు, అది తెలుగునేల ఈ శాస్త్రానికి ఇచ్చిన గొప్ప కానుక.

చక్కెర వ్యాధికి ముందు

స్థూలకాయుల రక్తంలో లూసిన్ జట్టు పెరుగుతుందని 1969లోనే ఫెలిగ్ చూపాడు. 2011లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం ఇంకో అడుగు వేసింది. ఐసోలూసిన్, లూసిన్, వేలిన్, టైరోసిన్, ఫినైల్అలనిన్ ఎక్కువగా ఉన్నవారికి పన్నెండేళ్ల తర్వాత కూడా చక్కెర వ్యాధి వచ్చే ముప్పు ఎక్కువని తేల్చింది. బ్రిటన్‌లో స్థిరపడిన దక్షిణాసియా మగవాళ్లలో టైరోసిన్‌కు, ఈ ముప్పుకు లంకె తెల్లవాళ్ల కంటే బలంగా కనిపించింది. ఇక్కడే వయసు, స్త్రీ పురుష భేదం అసలు అవసరమవుతాయి. మగవాడికి మామూలైన లూసిన్ అంకె పాతికేళ్ల అమ్మాయిలో కనిపిస్తే ఆలోచించాల్సిందే. ముట్లుడిగిన స్త్రీలో ఎంత పెరుగుదల సహజమో తెలియకపోతే వృథా భయం పుడుతుంది.

నమూనా తీసేటప్పుడు

అమైనో ఆమ్లాల పరీక్ష రావులపాలెం వంటి ఊళ్లలోని ల్యాబుల్లో జరిగేది కాదు. రక్తం తీసి పెద్ద నగరానికి పంపాల్సిందే. తీసిన రక్తాన్ని త్వరగా తిప్పి ప్లాస్మాను విడదీసి గడ్డకట్టించాలి. వేసవి ఎండలో అలాగే ఉంచితే గ్లుటమిన్ విరిగి గ్లుటమేట్‌గా మారుతుంది. ఎర్రకణాలు పగిలితే వాటిలోని ఎంజైము ఆర్జినిన్‌ను ఆర్నిథిన్‌గా మార్చేస్తుంది. అప్పుడు కాగితం మీద కనిపించేది దారిలో పుట్టిన జబ్బు, మనిషిలోది కాదు. పెద్దవాళ్లకు రాత్రి భోజనం తర్వాత పది పన్నెండు గంటలు ఆగి ఉదయమే తీయాలి. తిండితో సంబంధం లేకుండా కూడా ఈ అంకెలు తెల్లవారుజామున తగ్గి, పగలు పెరుగుతాయి.

నవజాత శిశువుకు ఇదంతా అక్కరలేదు. పుట్టిన రెండో, మూడో రోజు మడమ పక్కభాగాన గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి చుక్కలను ప్రత్యేకమైన మందపాటి కాగితం మీద గీసిన వలయాల్లో నింపుతారు. చుక్క కాగితం వెనకవైపుకు కూడా దిగాలి. కాగితాన్ని ఎండ తగలకుండా, ఒకదాని మీద ఒకటి పెట్టకుండా మూడు నాలుగు గంటలు పరిచి ఆరనివ్వాలి. గోదావరి గాలిలోని తేమకు అది సరిగా ఆరకపోతే అంకెలు దెబ్బతింటాయి. ఆరాక తేమ పీల్చే పొట్లంతో కవరులో పెట్టి పంపాలి. పుట్టిన గంట, నెలలు నిండాయా, బరువు, తాగే పాలు, రక్తం ఎక్కించారా అన్నవి కార్డు మీద తప్పక రాయాలి. పెద్ద ఆడవాళ్లకైతే నెలసరి రోజు, గర్భమైతే ఎన్నో నెల, ముట్లుడిగి ఎన్నాళ్లు అన్నవి.

అరటి మార్కెట్టు ఊరిలో ఒక ప్రశ్న సహజంగా వస్తుంది: పరీక్షకు ముందు అరటిపండు తినవచ్చా? అరటిపండులో సెరటోనిన్ ఉంటుంది, అది ట్రిప్టోఫాన్ నుంచి తయారయ్యే పదార్థం. సెరటోనిన్ విసర్జన కోసం ఇరవై నాలుగు గంటల మూత్రాన్ని పరీక్షించేటప్పుడు రెండు మూడు రోజుల ముందు నుంచి అరటిపండు మానాలి, లేకపోతే అంకె అబద్ధంగా పెరుగుతుంది. పరగడుపున తీసే రక్తంలోని అమైనో ఆమ్లాల పరీక్షకు మాత్రం ముందురోజు తిన్న చక్రకేళి అరటిపండు అడ్డు కాదు.